కాలు జారిందట

ఆ లాడ్జిలో ఆవిడను అందరూ దుప్పట్లావిడ అనే పిలుస్తారు. పేరు పెట్టి పిలిచే తీరిక అక్కడ ఎవరికీ లేదు, పిలిపించుకునే తీరిక ఆవిడకూ లేదు. గదులు ఖాళీ అయినకొద్దీ మంచాల మీది దుప్పట్లు, తలగడ గలీబులు, తువ్వాళ్ళు మూటలు కట్టి మెట్ల కింద గదిలోకి విసిరేస్తారు. ఆ గదిలో ఉన్నవి ఒక ఉతికే మిషను, ఒక సిమెంటు తొట్టి, ఎన్నడూ ఆరని నేల. మిషను ఉతుకుతుంది గానీ పిండదు. పిండే భాగం ఎప్పుడో పాడైపోయింది. బాగుచేయిస్తామని యాజమాన్యం అంటూనే ఉంది గానీ, ఆవిడ చేతులు బాగానే పనిచేస్తున్నాయి కాబట్టి తొందరేమీ పడలేదు.

పొడి దుప్పటిని ఎవరైనా ఎత్తుతారు. నీళ్ళు తాగిన దుప్పటి సంగతి ఎత్తినవాళ్ళనే అడగాలి. వాటిని పిండి, ప్లాస్టిక్ టబ్బులో వేసుకుని, టబ్బును పొట్టకు ఆనించుకుని, మెట్లన్నీ ఎక్కి డాబా మీద ఆరేసి రావాలి. వయసులో ఉన్నప్పుడు ఆ మెట్లు పాడుకుంటూ ఎక్కేది. యాభై దాటాక పళ్ళ బిగువున ఎక్కుతోంది.

తను మోసే బరువంతా టబ్బులోదే కాదని తెలియడానికి ఆవిడకు చాలాకాలం పట్టింది. పొద్దున లేచేసరికి ఒళ్ళు తేలిగ్గానే ఉండేది. మధ్యాహ్నం దాటాక పొత్తికడుపు అడుగున ఏదో కిందికి లాగుతున్నట్టు ఉండేది. సాయంత్రం కూర్చోబోతే ఏదో ఉండ మీద కూర్చున్నట్టు ఉండేది. దగ్గినా తుమ్మినా రెండు చుక్కలు పడేవి కాబట్టి లోపల పాతగుడ్డ మడిచి పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. బాత్రూంకు వెళ్ళొచ్చిన మరుక్షణం మళ్ళీ వెళ్ళాలనిపించేది. మొదట గ్యాసు అనుకుంది. తర్వాత అలసట అనుకుంది. ఆ తర్వాత వయసు అనుకుంది. ఆడవాళ్ళ ఒంట్లో ఏ తేడా వచ్చినా ఈ మూడింటిలో ఒకదాని మీదికి నెట్టేసి ఊరుకోవడం మనకు బాగా చేతనవును.

ఒకరోజు మెట్ల మలుపులో టబ్బు పైకి ఎగదోసుకోబోతే లోపల ఏదో పట్టు వదిలేసినట్టయింది. టబ్బు మెట్టు మీద దించి, పక్కనున్న ఖాళీ గది బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకుంది. చేతికి నిమ్మకాయంత మెత్తటి కండ తగిలింది. ముగ్గురిని కన్న మనిషి, తన ఒంట్లో తనకు తెలియనిది లేదనుకుంది. ఇదేమిటో తెలియలేదు. క్యాన్సరే అనుకుంది. వేలితో నెమ్మదిగా నెడితే లోపలికి పోయింది. గోడకు ఆనుకుని కాసేపు నిలబడి, మొహం కడుక్కుని, వెళ్ళి దుప్పట్లు ఆరేసింది. అవి ఆరకపోతే సాయంత్రం గదులకు దుప్పట్లుండవు మరి.

ఇంట్లో ఉండేది ముగ్గురు. పిల్లల కాపురాలు పిల్లలవి. భర్త సామాన్లు చేరవేసే వ్యాను నడుపుతాడు. గొంతు పెద్దది, మనసు మెత్తన. అత్తగారు కిటికీ పక్కన మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చునే మనిషి. ఆవిడ మోకాళ్ళ నొప్పులు ఈనాటివి కావు, కోడలు కాపురానికి వచ్చేనాటికే ఉన్నవి. లాడ్జి నుంచి రాగానే చెప్పులు విడిచి, నూనె గిన్నె తీసుకుని ఆ మోకాళ్ళకు రాయడం కోడలి పని. తన నడుము విరిగిపోతున్న రోజున కూడా రాసింది. ఈమధ్య అత్తగారికి కాస్త చెముడు కూడా వచ్చిందని ఇంట్లో నమ్మకం.

ఆ సాయంత్రం భర్త గుమ్మంలో కూర్చుని వ్యాను అద్దం తుడుచుకుంటున్నాడు. కోడలు మంచం పక్కన చతికిలబడి, నూనె చేత్తో పట్టుకుని, గొంతు తగ్గించి అంది.

"అత్తయ్యా, నాకు... జారింది."

అంతకు మించి ఏమనాలో తెలియలేదు. మన భాషలో నోరు జారుతుంది, చెయ్యి జారుతుంది, గుండె కూడా జారుతుంది, నలుగురిలో నిలబడి ఎంత గట్టిగానైనా చెప్పుకోవచ్చు. ఆడమనిషికి లోపల జారితే మాత్రం ఏం జారిందో మింగేసి ఒట్టి జారింది అనాలి.

అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. చూసి, కొడుకు వైపు తిరిగి ఎలుగెత్తి అంది.

"ఒరేయ్, దీనికి కాలు జారిందటరా!"

"ఎక్కడ? ఆ మెట్ల మీదేనా? చూసుకుని నడవమని చెప్తే వింటేగా!" అంటూ భర్త లేచాడు. కొట్టుకు పరుగెత్తి బామూ, సాగే కట్టూ పట్టుకొచ్చాడు. కింద కూర్చుని తనే ఆవిడ కుడి మడమకు కట్టు కట్టాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన ఆవిడ కాలు పట్టుకోవడం అదే మొదలు. ఆవిడ కాలు ఇంకాస్త ముందుకు చాపింది. ఎంత వెతికినా దొరకనిది, నలుగురికీ చెప్పుకోదగ్గ జబ్బు, అత్తగారి చెముడు పుణ్యమా అని దొరికిందనుకుంది.

మర్నాడు పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది.

"కాలు జారావటగా వదినా! ఈ వయసులోనా?"

కాలు జారడానికి మనవాళ్ళు పెట్టుకున్న రెండో అర్థం తలుచుకుని పక్కింటావిడ ఒకటే నవ్వు. దుప్పట్లావిడ కూడా తగ్గలేదు.

"జారితే గీరితే పాతికేళ్ళ కిందట జారాల్సింది. ఇప్పుడు జారి ఏం లాభం చెప్పు?" అంది. ఆ నవ్వుకే కింద మళ్ళీ బరువుగా దిగితే, తలుపు చాటుకు వెళ్ళి సర్దుకుంది.

లాడ్జిలో సూపర్‌వైజరు మంచివాడు. వచ్చిన చిక్కల్లా అదే. కట్టు చూసి అయ్యో అన్నాడు.

"కాలు బాగాలేని మనిషిని మెట్లెక్కించి ఆ పాపం నేను మూటగట్టుకోలేనమ్మా. డాబా మీదికి ఇంకొకర్ని పంపిస్తాలే. నువ్వు కిందే ఉండు. నడవక్కర్లేదు, ఊరికే నిలబడి పిండి టబ్బుల్లో వేస్తే చాలు."

అలా ఆ లాడ్జిలో ప్రతి దుప్పటీ, ప్రతి తువ్వాలూ, చివరికి కిటికీ తెరలు కూడా ఆవిడ చేతుల మీదుగానే తడిసి పిండబడ్డాయి. అంతకుముందు మెట్ల మీద వట్టి చేతులతో దిగేటప్పుడైనా కాస్త ఊపిరి ఆడేది. ఇప్పుడు వంగడం, తొట్టిలోంచి లాగడం, ఎత్తడం, మళ్ళీ వంగడం. కాలికి విశ్రాంతి బాగా దొరికింది. అసలు జబ్బు మాత్రం మధ్యాహ్నానికల్లా బయటికి వచ్చి కూర్చునేది. గుడ్డ ఒరుసుకుని మంట పుట్టేది. రోజూ ఉసూరుమంటూ ఇంటికి వచ్చి, కాలి కట్టు విప్పి, మళ్ళీ కట్టుకుని, ఇంతమంది జాలిపడుతుంటే ఒళ్ళెందుకు ఇలా హూనమవుతోందో ఎవరికీ చెప్పుకోలేక తనలో తనే కుమిలిపోయింది.

పట్టేసింది ఇస్త్రీ పిన్ని. లాడ్జిలో దుప్పట్లకు ఇస్త్రీ చేసే పెద్దావిడ, ఎవరి మొహం మీద ముడత కనిపించినా ఊరుకోదు. ఒక మధ్యాహ్నం గదిలోకి వచ్చేసరికి దుప్పట్లావిడ మాసిన మూటల మీద పక్కకు ముడుచుకుని పడుకుని ఉంది.

"ఏమే, నిన్న కట్టు కుడి కాలికి కదా ఉంది?"

దుప్పట్లావిడ తల వంచి చూసుకుంది. పొద్దున తొందరలో ఎడమ కాలికి కట్టేసుకుంది.

"నొప్పి... ఇటు మారింది పిన్నీ."

"అద్దె కొంపలు మారినట్టు నొప్పి మారడమేమిటే? నాతోనా నీ నాటకాలు? ఏమైందో చెప్పు."

చెప్పింది. మాటల్లో సగమూ, చేతి సైగల్లో సగమూ. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "నాకు క్యాన్సరేమో పిన్నీ, నా పని అయిపోయిందేమో" అంది. ఇస్త్రీ పిన్ని పక్కనే మూట మీద కూర్చుని, వేడికి బొబ్బలెక్కిన చేత్తో వీపు రాసింది. మర్నాడు ఇద్దరూ కాలు చూపించుకోవడానికే అని సెలవు అడిగారు.

ఆడడాక్టరు గది చిన్నది. ఒక బల్ల, ఒక తెర, తెర వెనక పొడుగాటి మంచం. పిన్ని బయట కూర్చుంది. డాక్టరమ్మ కూడా పొద్దుటి నుంచి ఊపిరి సలపని మనిషిలాగే ఉంది, రెండు బిస్కెట్లు నోట్లో వేసుకుని చేతులు కడుక్కుని వచ్చింది. పడుకోమంది, దగ్గమంది, ముక్కమంది, చూసింది. తర్వాత కూర్చోబెట్టి చెప్పింది.

"ముందు ఒక మాట. ఇది క్యాన్సర్ కాదు. గర్భసంచి కిందికి జారింది, దాంతోపాటు మూత్రాశయం గోడ కూడా దిగింది. అడుగున వీటన్నిటినీ మోసే కండరాలుంటాయి. కాన్పులకు సాగుతాయి, ముట్లు ఆగాక ఇంకా పలచబడతాయి. పైగా బరువులు, మొండి దగ్గు, మలబద్ధకం లాంటివి తోడైతే వదులైపోతాయి. అవి వదులైతే పైనున్నవి దిగక ఏం చేస్తాయి?"

దుప్పట్లావిడ ఆలోచించింది.

"మా లాడ్జిలో పాత పరుపులు మధ్యలో కుంగిపోతాయండీ. అలాగా?"

"అలాగే," డాక్టరమ్మ ఆ రోజుకు మొదటిసారి నవ్వినట్టుంది. "ఎన్నాళ్ళ నుంచి మోస్తున్నావమ్మా దీన్ని?"

"తెలీదండీ. బరువనుకున్నాను గానీ జబ్బనుకోలేదు."

మాత్రలు మింగితే అది పైకి పోదని చెప్పింది. మూత్రం ఆపుకుంటున్నప్పుడు బిగిసే కండరం ఏదో, దాన్నే తీరిక దొరికినప్పుడల్లా బిగబట్టి వదలమంది. మూత్రం పోసేటప్పుడు మాత్రం చెయ్యొద్దంది. ఒరుపుకు పడిన పుండుకు పూతమందు ఇచ్చింది. పుండు మానాక పిలిచి మెత్తటి రింగు ఒకటి లోపల అమర్చింది. గర్భసంచి కిందికి రాకుండా అది ఆపుతుంది, కొన్ని నెలలకోసారి తీసి కడిగి మళ్ళీ పెట్టించుకోవాలి. వీలైతే టబ్బులు మొయ్యొద్దని కూడా చెప్పింది.

"ఏం చేసింది?" అని పిన్ని బయట అడిగింది.

"రింగు పెట్టింది పిన్నీ."

పిన్ని ఆవిడ రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. "ఏదీ?" అంది. ఆస్పత్రి మెట్ల మీద ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. చాలాకాలానికి ఆవిడకు నవ్వితే ఏదీ జారలేదు.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. కూర్చుంటే కూర్చున్నట్టే ఉంది. కానీ చేసే పని మారలేదు. మారాలంటే ఎందుకు మారాలో చెప్పాలి. ఒకరోజు బాగా తడిసిన కిటికీ తెరల మూట తొట్టిలోంచి లాగుతుంటే రింగు కూడా జారి వచ్చేసింది. డాక్టరమ్మ కొంచెం పెద్దది పెట్టి చూసింది, అదీ నిలవలేదు.

"ఆపరేషన్ చేయించుకుంటే మంచిదమ్మా. కిందనుంచే చేస్తాం, పొట్ట కొయ్యం. లేదు, ఇలాగే సర్దుకుంటానంటే అదీ నీ ఇష్టమే, ప్రాణానికేం భయం లేదు. కానీ చేయించుకున్నాక కొన్ని నెలలు బిందె కూడా ఎత్తకూడదు. ఆ తర్వాతైనా ఈ టబ్బుల పని వద్దు, మళ్ళీ జారుతుంది. ఇంట్లో వాళ్ళు చూసుకోవాలి. చెప్పావా?"

"ఇంట్లో... కాలు అనుకుంటున్నారండీ."

డాక్టరమ్మకు ఆశ్చర్యమేమీ కలగలేదు. "నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మందికి ఇంట్లో నడుము నొప్పే," అంది. "భర్తకు చెప్పి తీసుకురా. అప్పుడే రోజు ఖాయం చేద్దాం."

చెబుతానని వచ్చింది గానీ చెప్పలేదు. రోజూ గుమ్మం దాకా మాటను తెచ్చుకునేది, చెప్పులతో పాటే బయట విడిచేసేది. ఇంటాయన పిల్లల తండ్రి, ముగ్గురు పిల్లలు ఎక్కడినుంచి వచ్చారో ఆయనకు తెలియంది కాదు. అయినా ఆయన ముందు ఆ మాట అనడానికి ఆవిడకు మొహం చెల్లలేదు. చెప్తే ఏమంటాడో అన్న భయం కన్నా, చెప్పాక తనను ఎలా చూస్తాడో అన్న భయమే ఎక్కువ. ఇదంతా ఎందుకు, ఇలాగే పోయేదాకా ఈడుద్దాం అని కూడా అనుకుంది. అంత అలసిపోయింది.

ఆయనే కదిలించాడు. ఒక సాయంత్రం వ్యాను ఆపి హుషారుగా లోపలికొచ్చాడు.

"ఇదిగో, ఎముకల డాక్టరుతో మాట్లాడి వచ్చాను. రేపు పొద్దున్నే రమ్మన్నాడు. ఎన్నాళ్ళు ఈ బాములు! ఫొటో తీయించి, అవసరమైతే కాలికి సిమెంటు కట్టు వేయిద్దాం."

ఆవిడ అత్తగారి మోకాళ్ళకు నూనె రాస్తోంది. చేతులు ఆగిపోయాయి. రేపు బాగున్న కాలికి సిమెంటు కట్టు వేయించుకుని, జారుతున్న గర్భసంచితో మంచం మీద కూర్చోవడం కళ్ళకు కట్టింది. కూర్చున్నచోటే అంది.

"కాలు కాదండీ."

"ఏం కాలు కాదు?"

"నాకు కాలు జారలేదు. గర్భసంచి జారింది. చాన్నాళ్ళయింది. లోపల రింగు పెట్టినా నిలవలేదు. ఆపరేషన్ చెయ్యాలన్నారు. బరువులెత్తితే మళ్ళీ జారుతుందట, ఆ లాడ్జి పని నేనింక చెయ్యలేను." ఒక్క గుక్కలో అనేసింది. అన్నాక చూస్తే చూపు నూనె గిన్నెలోనే ఉంది.

ఆయన చూపు ఆవిడ మడమ మీదికి పోయింది. "మరి నేను కట్టిన కట్టు?" అన్నాడు. అంతకంటే తెలివైన మాట ఆ క్షణంలో ఆయనకు తట్టలేదు పాపం. బయటికి వెళ్ళి వ్యానులో ఊరికే కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాకు ముందే చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పాలో తెలీలేదండీ."

"ఎలాగో ఒకలా చెప్పాలి. రేపు ఆ డాక్టరు దగ్గరికే పోదాం. లాడ్జి వాడితో నేను మాట్లాడతాలే," అని, టీ తనే పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నె ఎక్కడుందో, చక్కెర ఎక్కడుందో వెతుక్కునే చప్పుడు వినిపించింది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని మళ్ళీ నూనెలో చెయ్యి ముంచింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకుంది.

"చాల్లే. ఇంక రాయకు."

"ఇంకో మోకాలుందిగా అత్తయ్యా."

"నా మోకాళ్ళు బాగానే ఉన్నాయే."

కోడలికి అర్థం కాలేదు. అత్తగారు వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అంది.

"వీడి తర్వాత కాన్పులో జారింది నాకు. మా అత్తగారికి చెబితే, మగాళ్ళకి మోకాళ్ళని చెప్పు, కాళ్ళు చాపుకుని పడుకున్నా ఎవరూ ఏమీ అనరు అంది. అప్పటినుంచీ మోకాళ్ళే."

"ఆ రోజు నేను చెప్పింది..."

"వినపడింది. చెవుడూ లేదు ఏమీ లేదు. వాడి ముందు ఆ మాట పూర్తి చేస్తావేమోనని నేనే కాలన్నాను. నా అత్త నాకు చేసింది నీకు చేశాను. మేలనుకున్నానే."

కోడలికి కోపం వచ్చింది.

"తెలిసుండి... నేను రోజూ ఆ టబ్బులు మోస్తుంటే చూస్తూ కూర్చున్నారా అత్తయ్యా? ఇన్నేళ్ళు, నిలబడే ఓపిక లేకపోయినా, మీ మోకాళ్ళకు నూనె రాశాను నేను!"

అత్తగారు తల దించుకుంది. ముసలి మొహం చిన్నపిల్ల మొహమంత అయింది.

"రాస్తుంటే హాయిగా ఉండేదే," అంది. "అక్కడ కాకపోయినా, ఒంటి మీద ఎక్కడో ఒకచోట నా నొప్పికి ఎవరో ఒకరు చెయ్యి వేస్తున్నారు కదా అనుకునేదాన్ని."

కోడలి కోపం పోలేదు, అలాగని నిలబడనూ లేదు. ఆవిడ కూడా మంచం ఎక్కి అత్తగారి పక్కన కాళ్ళు చాపుకుని వెనక్కి వాలింది. వంటింట్లో గిన్నె కింద పడింది.

"ఆ రింగేదో," అత్తగారు అడిగింది, "ఈ వయసులో నాకు పెడతారా?"

"పెడతారత్తయ్యా. పెద్దవాళ్ళకు అదే మంచిదని డాక్టరమ్మ చెప్పింది."

పొద్దున ఆయన వ్యాను తలుపు తీసి పెళ్ళాన్ని ఎక్కించాడు. వెనకే అమ్మ కూడా చెప్పులు వేసుకుని, గుమ్మం పట్టుకుని నెమ్మదిగా దిగుతుంటే ఆశ్చర్యపోయాడు.

"నువ్వెందుకమ్మా? నీ మోకాళ్ళ సంగతి ఇంకోరోజు చూద్దాంలే."

గోడ మీంచి పక్కింటావిడ చూస్తోంది. కోడలు వ్యానులోంచి అత్తగారి మొహం చూసింది. కోడలు ఏదో ఒక సాకు చెప్పబోతుందేమోనని, అత్తగారు చెయ్యెత్తి ఆపింది.

"మోకాళ్ళు కాదురా," ముసలావిడ కొడుకుతో గట్టిగానే అంది. "నాకూ గర్భసంచే. నువ్వు బడికి పోయే రోజుల నుంచీ."